కిర్రా, కీచా?

ఆయన అసలు పేరు ఆ వీధిలో పోస్ట్‌మ్యాన్‌ ఒక్కడికే తెలుసు. మిగతా అందరికీ చెవి మేస్త్రీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేత మిల్లులో ఫిట్టరు, మరమగ్గాలు చెడితే బాగుచేయడం ఉద్యోగం. ఆ పేరు మాత్రం మిల్లులో వచ్చింది కాదు, ఇంటి ముందున్న రేకుల షెడ్డులో వచ్చింది. ఆదివారం పొద్దున ఆయన పేపరు చదువుకుంటూ కూర్చుంటే వీధిలో ఎవరిదో స్కూటరు పోతుంది. పేపరులోంచి తల ఎత్తకుండానే, "వాడి వెనక చక్రానికి బేరింగు పోయింది, ఎవరైనా చెప్పండి పాపం" అనేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ మాటే నిజమయ్యేది. పదోసారి తప్పు ఆ బండిదే అనేవాడు.

షెడ్డులో ఉండేది ఒక నీలం రంగు కారు. దాని వయసు ఇరవై రెండు. ఆయన కూతురి వయసు ఇరవై. ఆ లెక్కన కారు పెద్దది, కూతురు చిన్నది. ఇంట్లో ముగ్గురూ అలాగే పిలుచుకుంటారు. ఒకసారి మిల్లు క్యాంటీనులో ఆయన ఫోనులో, "పెద్దది ఇంకా పొగ వదులుతోందా? వయసు మీద పడింది కదే. ఇప్పుడు దాన్ని ఎవరికి అంటగడతాం, ఉన్నన్నాళ్ళు మనమే భరించాలి" అంటుంటే, పక్క బల్ల మీద కొత్త గుమాస్తా అంతా విన్నాడు. సాయంత్రం నసుగుతూ వచ్చి, "మా బంధువుల్లో ఒక అబ్బాయి ఉన్నాడండీ. పొగతాగే అలవాటున్నా పట్టించుకోడు" అన్నాడు. మేస్త్రీ ఆ కథని మూడేళ్ళుగా చెప్పుకుని నవ్వుతున్నాడు.

పెద్దదాన్ని రోజూ నడిపేది మాత్రం ఆయన కాదు, ఆయన భార్య. మేస్త్రీకి మిల్లు బస్సు ఇంటి సందు చివరే ఆగుతుంది. భార్య నర్సు. వీధివాళ్ళు నర్సమ్మ అంటారు. ఆమె పనిచేసే ఆరోగ్య కేంద్రానికి పోవాలంటే ఊరు దాటి, గుట్ట ఎక్కి, అవతలి వైపు నిటారుగా ఉండే దిగుడు దిగాలి. దిగుడు చివర రైలు గేటు. గేటు వేసి ఉంటే పాల వ్యాన్లు, సైకిళ్ళు, పిల్లల్ని ఎక్కించుకున్న బడి బస్సులు వరసగా ఆగి ఉంటాయి. ఆ వరస చివర పెద్దదాన్ని తీసుకెళ్ళి ఆపడం నర్సమ్మకి రోజూ ఉన్న పనే.

నర్సమ్మకి కారు నడపడం వచ్చు గానీ కారు గురించి ఏమీ తెలియదు. ఇంజను ఎక్కడుంది అంటే ముందుంది అని చెప్పగలదు, అంతవరకే. అయితే తల్లి పొట్ట మీద గొట్టం ఆనించి, లోపలున్న బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పడం ఆమెకి ఇరవై ఐదేళ్ళ అలవాటు. ఏ శబ్దాన్నైనా ఉన్నదున్నట్టు మాటల్లో పెట్టగలదు. దాంతో మొగుడూ పెళ్ళాల మధ్య ఒక పద్ధతి ఏర్పడింది. వంటింటి గోడకి పెద్ద గళ్ళ క్యాలెండరు, దానికి దారంతో కట్టిన పెన్సిలు. బండి ఏ రోజు ఏ చప్పుడు చేసిందో నర్సమ్మ ఆ రోజు గడిలో రాస్తుంది. ఆదివారం మేస్త్రీ అది చదివి, పానాల పెట్టె తీసుకుని షెడ్డులోకి పోతాడు.

లొటలొట అని రాస్తే సైలెన్సరు మీది రేకు బోల్టు వదులైందని అర్థం. గుడగుడ అంటే రేడియేటరులో నీళ్ళు తగ్గి గాలి చేరింది. గరగర అని, కింద 'వేగం పెరిగితే పెరుగుతోంది' అని ఉంటే చక్రం బేరింగు. ఒకసారి ఆమె, 'మలుపు తిప్పితే టక టక టక. తిన్నగా పోతే లేదు' అని రాసింది. మేస్త్రీ కుర్చీలోంచి లేవకుండానే చక్రానికీ ఇరుసుకీ మధ్య కీలు పోయిందన్నాడు. విప్పి చూస్తే దాని మీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజంతా బయటకి వచ్చేసి ఉంది. ఆ రోజు వీధిలో ఎదురైన వాళ్ళందరికీ ఆయన ఈ సంగతి చెప్పాడు. ఎదురవని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెప్పాడు.

ఆయన భార్యని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "కిర్రా, కీచా?" పెళ్ళయిన కొత్తలోనే తేడా నేర్పాడు. తలుపు చేసేది కిర్రు, ఎలుక చేసేది కీచు. కిర్రు అయితే ఎక్కడో రబ్బరు ఎండిపోయిందనో, కీలుకి నూనె లేదనో అనుకోవచ్చు, తొందరేమీ లేదు. కీచు అయితే వెంటనే చూడాలి. నర్సమ్మ ఆ రెండు మాటల్నీ ఎప్పుడూ తారుమారు చేయలేదు.

ఈ నెల మూడో తారీఖు గడిలో ఆమె, 'కీచు. సన్నగా. దిగుడులో. బ్రేకు తొక్కితే ఆగుతోంది' అని రాసింది. నాలుగున కీచు. ఐదున కీచు.

ఎనిమిదో తారీఖు ఆదివారం. మేస్త్రీ క్యాలెండరు ముందు నిలబడి మొదటి మాట చదివాడు. కీచు. పెద్దదానికి కీచు వచ్చినప్పుడల్లా బెల్టే. ఇప్పటికి నాలుగుసార్లు బెల్టే. ఇక మిగతా మాటలు చదవాల్సిన పనేముంది? బానెట్ ఎత్తి, ఇంజను స్టార్ట్ చేసి, బెల్టు మీదికి వంగి విన్నాడు. ఏమీ లేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి బెల్టు మీద నాలుగు చుక్కలు చిలకరించాడు. బెల్టుదే లోపమైతే తడి తగలగానే చప్పుడు మారాలి. అసలు చప్పుడే లేనప్పుడు మారేదేముంది? అయినా బెల్టు అంచున సన్నటి బీటలున్నాయి కాబట్టి కొత్తది వేసి, చేతులు కడుక్కుని, "అయిపోయింది పో" అన్నాడు.

తొమ్మిదో గడిలో, 'కీచు. ఇంకా ఉంది.' పదిలో కూడా అదే.

మేస్త్రీకి ఒక నియమం ఉంది. ఎవరేం చెప్పినా తన చెవితో వినందే రోగం ఉందని ఒప్పుకోడు. పదకొండో తారీఖు సాయంత్రం మిల్లు నుంచి రాగానే, "పద, నేనూ వస్తా" అని ముందు సీట్లో కూర్చున్నాడు. నర్సమ్మ గుట్ట ఎక్కించి దిగుడులోకి తిప్పింది. మేస్త్రీ తన వైపు అద్దం దించి, తల ఓరగా పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇదిగో, ఇప్పుడు. విన్నారా?"

గాలి వినబడింది. టైర్ల హోరు వినబడింది. ఇంజను గుర్రుగుర్రు వినబడింది.

"ఏదీ?"

"అయ్యో, ఇంత స్పష్టంగా వస్తుంటే! ఎడమ పక్కన, మీ కాళ్ళ దగ్గరే."

"ఏమీ లేదే."

"ఉందండీ. రోజూ వింటున్నా. గేటు దాకా వస్తూనే ఉంటుంది."

మేస్త్రీ అద్దం ఎత్తేశాడు. కోపం లేదు, విసుగూ లేదు. రోగికి రోగం పేరు చెప్పే డాక్టరంత నెమ్మదిగా అన్నాడు. "ఇది బండిలో లేదు. నీ చెవిలో ఉంది."

నర్సమ్మ ఇంటికి వచ్చేదాకా దారి వంకే చూస్తూ నడిపింది.

పన్నెండో తారీఖు గడి ఖాళీ. పదమూడూ ఖాళీయే. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. క్యాలెండరులో గళ్ళు కడిగిన పళ్ళేల్లా శుభ్రంగా ఉన్నాయి. మేస్త్రీకి తృప్తిగా అనిపించింది. కొన్ని రోగాలు ఉన్నాయనుకుంటే ఉంటాయి, లేవంటే పోతాయి అని క్యాంటీనులో ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఆడవాళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరతారని అందరూ అంటారు. తన భార్య ఒక్క మాటకే నోరు మూసుకుంది. అది మంచి లక్షణం కాకపోవచ్చని ఆయనకి తోచలేదు.

ఆ రోజుల్లోనే ఆయనకి కాస్త జ్వరం తగిలింది. నర్సమ్మ నోట్లో థర్మామీటరు పెట్టి, కుయ్ మనగానే తీసెయ్యమని చెప్పి స్నానానికి పోయింది. తిరిగొచ్చేసరికి ఆయన దాన్ని నోట్లోనే పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. పావుగంటైంది. "ఇది పాడైపోయిందే, నోరు మెదపలేదు" అన్నాడు. "నాన్నా, నా గదిలోకి వినబడింది" అంది చిన్నది, టీవీ గొంతు తగ్గిస్తూ. తగ్గించినందుకు ఆయన కసురుకున్నాడు. నర్సమ్మ థర్మామీటరు చేతిలో పట్టుకుని ఆయన వంక చాలాసేపు చూసింది.

తర్వాత ఇరవై ఏడో తారీఖు, శుక్రవారం గడిలో కొత్త రాత కనబడింది. 'స్టార్ట్ కావడం లేదు. బస్సులో వెళ్తున్నా.' శనివారం గడిలో 'బస్సు.'

ఆదివారం పొద్దున మేస్త్రీ ఉత్సాహంగా లేచాడు. స్టార్ట్ కాకపోవడం ఆయనకి ఇష్టమైన రోగం. దాన్ని మెట్టుమెట్టుగా పట్టుకోవచ్చు. ముందు లైట్లు వేసి చూశాడు, జిగేలుమన్నాయి. హారను కొట్టాడు, ఎదురింటి కుక్క లేచింది. బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి పేరుకుంటే ఇలాగే అవుతుంది. చూస్తే చిటికెడు కూడా లేదు. అయినా వేడినీళ్ళు పోసి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాశాడు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి వెలుగుకి పెట్టి చూశాడు. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఇక తాళం తిప్పాడు.

పెద్దది ఒక్క తిప్పుకే లేచింది.

ఆపి మళ్ళీ తిప్పాడు. లేచింది. పదిసార్లు తిప్పితే పదిసార్లూ లేచింది. ఒకసారి అయ్యీ ఒకసారి అవని రోగం కంటే దరిద్రం ఇంకోటి లేదు. ఆయన సీట్లో కూర్చుని గడ్డం గోక్కున్నాడు. బ్యాటరీ ఎప్పుడు మార్చానో చూద్దామని డ్యాష్‌బోర్డు అర తెరిచాడు. పెద్దదాని మరమ్మతులన్నీ రాసుకునే నోటుపుస్తకం అందులోనే ఉంటుంది. ఆదివారం ఆయన ఆ అర తెరుస్తాడని ఇంట్లో అందరికీ తెలుసు.

నోటుపుస్తకం మీద, మడత పెట్టని కాగితం ఒకటి ఉంది. చెవి డాక్టరుది. నర్సమ్మ పేరు, వయసు, ఇరవై ఆరో తారీఖు. కింద గళ్ళ మీద రెండు గీతలు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం, రెండూ పైన తిన్నగా సాగిపోయాయి. అడుగున డాక్టరు రాత. రెండు చెవులూ చాలా బాగున్నాయి.

నర్సమ్మ ఇంటి పక్కన తీగ మీద బట్టలు ఆరేస్తోంది. మేస్త్రీ కాగితం పట్టుకుని వెళ్ళాడు.

"ఏంటిది?"

"ఏముందో చదవండి."

"చదివాను. నీకేమైందని వెళ్ళావు?"

"మీరేగా నా చెవిలో ఉందన్నారు. రెండు వారాలు ఆగాను. తగ్గలేదు. చెవిలో చప్పుడొస్తే నిర్లక్ష్యం చేయొద్దని పదిమందికి చెప్పే దాన్ని, నేనే చూపించుకోకపోతే ఎలా?" ఆమె చొక్కా ఒకటి దులిపి తీగ మీద వేసింది. "చీమ నడిచినా వినే చెవులమ్మా మీవి అన్నారు డాక్టరుగారు. మరి ఆ చప్పుడు బండిలో లేదని ఎవరన్నారని అడిగారు. మా ఆయన అన్నాను. ఆయనేం చేస్తారు అన్నారు. మిల్లులో మగ్గాల దగ్గర ముప్పై ఏళ్ళుగా అన్నాను. డాక్టరుగారు పెన్ను కింద పెట్టేశారు."

మేస్త్రీ కాగితాన్ని మళ్ళీ ఒకసారి చూశాడు.

"మగ్గాల హోరులో పనిచేసేవాళ్ళకి సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయట. మనుషుల మాట బాగానే వినబడుతుందట. అందుకే చెవి పోతోందని వాళ్ళకే తెలియదట. ఒకసారి తీసుకురమ్మన్నారు."

"సరే గానీ, బండి స్టార్ట్ కాలేదని రాశావు. అవుతోందిగా?"

"అవుతుంది."

"మరి?"

"దిగుడులోకి దాన్ని తీసుకెళ్ళాలంటే భయమేసింది. బండి ఆపడానికి నాకు తెలిసిన అబద్ధం అదొక్కటే."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చు కదా?"

"చెప్పాను" అంది నర్సమ్మ. "పదకొండో తారీఖు దాకా రోజూ చెప్పాను."

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావు అన్నాడట. ఆ సామెతని మేస్త్రీ మిల్లులో ఎంతమంది మీద వాడాడో లెక్క లేదు. అయితే పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన. సామెత తన మీదికి తిరిగిందని ఒప్పుకోవడం అంత తేలికా? "చెవి డాక్టరుకి బండి గురించి ఏం తెలుసు? నా చెవి సంగతి నాకు తెలియదా? ఉండు, చక్రం విప్పి నీ ముందే పెడతా" అని విసురుగా షెడ్డులోకి పోయాడు.

విసురులో ఉన్నా చేతులు పద్ధతి తప్పలేదు. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టాడు. ముందు ఎడమ చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేశాడు. జాకీతో లేపి, కింద ఇనప స్టాండు పెట్టి, గేరు లేకుండా చేశాడు. నర్సమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి షెడ్డు గడప దగ్గర నిలబడింది. ఆయన చక్రాన్ని రెండు చేతులతో పట్టి గట్టిగా తిప్పాడు.

"అదిగో" అంది ఆమె.

చక్రం తిరుగుతోంది. మేస్త్రీకి టైరు గాలిలో తిరిగే మెత్తటి సవ్వడి తప్ప ఏమీ వినబడలేదు.

"ఎక్కడ?"

"అదిగోనండీ. కీచు. ఆగుతోంది, ఆగుతోంది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పండి. అదిగో."

ఆయన పెట్టెలోంచి పొడవాటి స్క్రూడ్రైవరు తీశాడు. దాని కొనని చక్రం వెనక ప్యాడ్లని పట్టుకుని ఉండే ఇనప దవడ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కాడు. మిల్లులో పెద్ద ఫిట్టరు ఆయనకి నేర్పిన మొదటి విద్య అది. ఎంత లోపలి చప్పుడైనా ఇనుము వెంట వచ్చి ఎముకలో పలుకుతుంది. ఇంకో చేత్తో చక్రం తిప్పాడు. ఏమీ పలకలేదు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, ఆ ఇనుము మీద వేలు ఆనించి తిప్పాడు. ఇనుము సన్నగా వణుకుతోంది. చక్రం ఆగితే వణుకు ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ, సరిగ్గా అదే క్షణాన, గడప దగ్గర ఆమె "ఆగిపోయింది" అంటోంది.

మేస్త్రీ నట్లు తీసి చక్రం పక్కన పడుకోబెట్టాడు. దవడ కింది బోల్టు విప్పి పైకి ఎత్తాడు. లోపలి ప్యాడు అరచేతిలోకి వచ్చింది.

వేలెడు మందం ఉండాల్సింది గోరంత మిగిలింది. ప్యాడు అంచున చిన్న రేకు నాలుక ఒకటి ఉంటుంది. ప్యాడు పలచబడిపోతే ఆ నాలుక తిరిగే డిస్కుని తాకి అరుస్తుంది. ఏదో చెడిపోయి అరవడం కాదు. ప్రాణాల మీదికి రాకముందే చెప్పడానికి, అరవడం కోసమే దాన్ని పెడతారు. ఆ నాలుక అంచు అద్దంలా మెరుస్తోంది. ఈ నెల మూడో తారీఖు నుంచి అది చెప్పాల్సింది చెబుతూనే ఉంది. తొక్కితే ఆగుతోందని నర్సమ్మ రాయనే రాసింది. బ్రేకు తొక్కితే ఆగేది బ్రేకుల చప్పుడు కాక బెల్టు చప్పుడు ఎలా అవుతుంది? నిన్న మొన్న పానా పట్టినవాడైనా చదివితే చెప్పేవాడు. తను చదవలేదు.

ఆయన అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. దిగుడు కళ్ళ ముందుకి వచ్చింది, దాని చివర గేటు, గేటు ముందు బడి బస్సు. ఆ బస్సు వెనక, బ్రేకు తొక్కిపట్టి, రోజూ ఈమె. మేస్త్రీకి భయం వేసింది. భయం కాస్త తగ్గాక సిగ్గు వేసింది. అది మాత్రం తగ్గలేదు.

"నాకు వినబడలేదు" అన్నాడు.

"తెలుసు."

"అస్సలు వినబడలేదే. ఇప్పుడు కూడా."

నర్సమ్మ వచ్చి ఎదురుగా తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. "వినబడకపోవడం మీ తప్పు కాదు. మిల్లు చేసిన పని అది. నేను ఉందంటుంటే లేదన్నారు చూడండి, అది మీ తప్పు. నా చెవిలోనే ఉందేమోనని నేనూ నమ్మాను. పొట్ట మీద గొట్టం పెట్టిన ప్రతిసారీ, నేను వింటున్నది నిజమేనా అని రెండోసారి, మూడోసారి వినేదాన్ని. ఈ రెండు వారాలూ నా పని మీద నాకే నమ్మకం పోయింది."

ఈ మాట మేస్త్రీ ఊహించలేదు. బండి సంగతి ఆలోచించాడు, దిగుడు సంగతి ఆలోచించాడు. ఇది ఆయన బుర్రలోకి రాలేదు. నూనె చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చీర పాడవుతుందని అననూ లేదు, చెయ్యి లాక్కోనూ లేదు.

"డాక్టరు కాగితం చేతికే ఇవ్వొచ్చుగా" అన్నాడు.

"ఎలా ఇవ్వను? వీధంతా మిమ్మల్ని చెవి మేస్త్రీ అంటుంటే, మీకు చెవి పోయిందని నా నోటితో ఎలా చెప్పను? బండిలో పెడితే మీరే వెతుక్కుంటారనుకున్నా. ఏ రోగమైనా మీరు వెతికి పట్టుకుంటేనే కదా ఒప్పుకుంటారు."

కొత్త ప్యాడ్లు రెండు జతలు మూడేళ్ళుగా అటక మీద రేకు డబ్బాలో ఉన్నాయి, ఎప్పటికైనా పనికొస్తాయని ఆయనే కొని దాచాడు. డిస్కు మీద గోరు ఆనించి లాగితే సన్నటి గీత తగిలింది, లోతు లేదు. ఇంకో వారం ఆలస్యమైతే అదీ పోయేది. బ్రేకు ఆయిలు మూత వదులు చేసి, పిస్టన్ మీద పాత ప్యాడు అడ్డుపెట్టి, బిగింపు మరతో మెల్లగా లోపలికి నొక్కాడు. కొత్త ప్యాడ్లు కూర్చోబెట్టాడు. అవతలి చక్రం కూడా విప్పి రెండో జత వేశాడు, ఒక పక్కనే మారిస్తే బండి పక్కకి లాగుతుంది. నర్సమ్మ నట్లు ఒక్కొక్కటే అందించింది. అంతా అయ్యాక ఆయన సీట్లో కూర్చుని బ్రేకు పెడలుని పదిసార్లు తొక్కాడు. మొదట మూడుసార్లు నేలకి ఆనింది, తర్వాత గట్టిపడింది. ఇది మర్చిపోయి రోడ్డెక్కినవాళ్ళు మొదటి మలుపులోనే దేవుణ్ణి తలుచుకుంటారు.

ఎప్పుడైనా రిపేరు చేశాక నడిపి చూసేది ఆయనే. ఈసారి తాళం ఆమె చేతిలో పెట్టి తను పక్కన కూర్చున్నాడు.

ఖాళీ వీధుల్లో నెమ్మదిగా పోతూ, ఆగుతూ, కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడేదాకా తిప్పి, గుట్ట ఎక్కించి, దిగుడులోకి తిప్పింది. మేస్త్రీ తన వైపు అద్దం దించాడు. తల ఓరగా పెట్టబోయి మానుకున్నాడు. గాలి, టైర్లు, ఇంజను. ఆ రోజు ఏం విన్నాడో ఈ రోజూ అదే విన్నాడు. ఆయన చెవికి బాగుపడ్డ బండికీ చెడిన బండికీ తేడా లేదు.

"ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

ఆమె చెవి పెట్టి వింటూ నడిపింది. గేటు వేసి ఉంది. వరస చివర, పాల వ్యాను వెనక, బండి మెత్తగా ఆగింది.

"ఏమీ లేదు" అంది.

"సరే" అన్నాడు మేస్త్రీ. మళ్ళీ అడగలేదు. భార్య మాట మీద ఒక రిపేరు అయిందని ఒప్పుకోవడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక ఆమె మిగిలిన బట్టలు ఆరేయడానికి పోయింది. మేస్త్రీ చేతులు కడుక్కుని, మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చాడు. క్యాలెండరు ముందు ఆగిపోయాడు. పన్నెండు నుంచి ఇరవై ఆరు దాకా తెల్లటి గళ్ళు. మొన్నటిదాకా వాటిని చూసి మురిసిపోయినవాడు. దారానికి వేలాడుతున్న పెన్సిలు అందుకుని, పన్నెండో గడిలో కీచు అని రాశాడు. పదమూడులో కీచు. పద్నాలుగులో కీచు. ఆయన రాత పెద్దది, వంకర, గడి దాటి బయటకి పోతోంది. చిన్నది పక్క గదిలో మంచం మీంచి తల ఎత్తి, "నాన్నా, ఏం చేస్తున్నావు?" అంది. ఒక్క గడీ వదలకుండా పదిహేను గళ్ళూ నింపి, ఇరవై ఆరు దగ్గర ఆగాడు. ఆ తర్వాత రేపటి గడిలో చిన్న అక్షరాలతో, 'చెవి డాక్టరు. నాకు' అని రాశాడు.

నర్సమ్మ ఖాళీ బుట్టతో లోపలికి వచ్చింది. గోడ వంక చూసింది. బుట్ట కింద పెట్టి, దగ్గరకి వచ్చి, వేలితో ఒక్కో గడీ తాకుతూ చదివింది. వేలు రెండు చోట్ల ఆగింది. కళ్ళు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి అంది.

"పదిహేను, ఇరవై రెండు తీసెయ్యండి. ఆదివారాలు నేను బండి తియ్యనుగా."

మేస్త్రీ రబ్బరు కోసం వెళ్ళాడు.